సాల్జ్‌బర్గ్ బస్సు, నాన్నగారి స్టాంపు

సూట్‌కేసులు హాల్లో అలాగే పడున్నాయి. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానని నాకు తెలుసు, అందుకే బట్టలు మిషన్‌లో వేయకముందే కూర్చున్నాను. యూరప్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బస్సులో వెళ్లాలా, రైల్లోనా, షటిల్ వ్యాన్‌లోనా అని నన్ను అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద పిలిపించుకున్నవాళ్లు. ఇది వాళ్ల కోసం.

మేముండేది జర్మనీలోని మ్యూనిక్‌లో, నేనూ, మా ఆయనా, చిన్న బాబూ. అమ్మా, నాన్నగారూ తాడేపల్లిగూడెం నుంచి వచ్చారు. చెక్ దేశంలో ప్రాగ్, అక్కణ్ణుంచి చెస్కీ క్రుమ్లోవ్, తర్వాత ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ చూపించి ఇంటికి తీసుకొద్దామని ప్లాన్. నాన్నగారికి డెబ్బై దాటాయి. షుగరు, బీపీ ఉన్నాయి, గంట గంటకీ బాత్రూమ్‌కి వెళ్లాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఈ సంగతులు మా ఆయన ఫోన్లో ఉన్న టికెట్ల యాప్‌కి తెలియవు. ధర ఒక్కటే చూసి ఎక్కడికైనా బస్సునే పైన చూపిస్తుంది. మా ఆయనకి ఆ యాప్ మాటే వేదం. "ఇంతమందికి ఎంత మిగులుతుందో చూడు" అని స్క్రీన్ నా ముఖం మీద పెడతారు.

మ్యూనిక్ నుంచి ప్రాగ్‌కి నేను పట్టుబట్టి రైలే తీసుకున్నాను. ఫుర్త్ ఇమ్ వాల్ద్ దగ్గర సరిహద్దు దాటి, ప్ల్జెన్ మీదుగా వెళ్తుంది. ఆరు గంటలు పడుతుంది, బస్సు కంటే నెమ్మదే. అయినా నాన్నగారు లేచి నాలుగడుగులు వేసుకున్నారు, అమ్మ పులిహోర డబ్బా తెరిచింది, టీ తాగారు. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. ప్రయాణమంటే అలా ఉండాలి.

ప్రాగ్ నుంచి క్రుమ్లోవ్‌కి మాత్రం బస్సే మేలు, ఇది నేనూ ఒప్పుకుంటాను. అదంతా ఒకే దేశం లోపల ప్రయాణం, దాదాపు మూడు గంటలు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చాలామంది ప్రాగ్‌లో పెద్ద బస్టాండు ఫ్లోరెంత్స్‌కి పరిగెడతారు. మేమెక్కిన పసుపుపచ్చ బస్సు బయల్దేరింది నా క్నీజెత్సీ నుంచి, ఆండెల్ మెట్రో స్టేషన్ పక్కన. టికెట్ మీద స్టాండు పేరు చూసుకోండి. క్రుమ్లోవ్ చేరాక బస్సు ఊరికి దగ్గరగా దింపుతుంది. రైల్వే స్టేషనైతే పైన గుట్ట మీద ఉంటుంది. రాళ్లు పరిచిన దారిలో సూట్‌కేసు చక్రాలు లాక్కుంటూ దిగాలి, అమ్మ మోకాళ్లతో అది అయ్యే పని కాదు.

క్రుమ్లోవ్ నుంచి సాల్జ్‌బర్గ్‌కి వెళ్లడం దగ్గరే అసలు ఆలోచించాల్సి వచ్చింది. మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తాయి. రైల్లో వెళ్లాలంటే ముందు చెస్కే బుడెయోవిత్సే వెళ్లాలి, అక్కడ మారి లింజ్, లింజ్‌లో మళ్లీ మారి సాల్జ్‌బర్గ్. ఎంత లేదన్నా రెండు మార్పులు, ప్లాట్‌ఫారాల మీద మెట్లు. బుడెయోవిత్సే నుంచి లింజ్‌కి 1830ల్లోనే గుర్రాలు లాగే రైలు నడిచేదట. నాన్నగారికి ఇలాంటివి చెబితే చాలు, "అయితే ఆ దారినే పోదామమ్మా" అని బయల్దేరబోయారు. అమ్మ ఒక్క చూపు చూసింది, ఆయన ఊరుకున్నారు. చివరికి షటిల్‌లోనే వెళ్లాం.

షటిల్ అంటే ఎనిమిది తొమ్మిది మంది పట్టే వ్యాన్. సీటుకింత అని తీసుకుంటారు, రైలు కంటే చాలా ఎక్కువ. నలుగురైదుగురు ఉంటే మొత్తం వ్యాన్ మాట్లాడుకున్నా పెద్ద తేడా రాదు, ఆ లెక్క ఒకసారి వేసుకోండి. షేరింగ్‌లో వెళ్తే మిగతావాళ్ల హోటళ్ల చుట్టూ తిరుగుతారు. మేమూ ముప్పావుగంట అలాగే తిరిగాం. ఒక కొరియా జంట గది ఖాళీ చేసి కిందికి దిగడానికే ఎంతసేపు తీసుకున్నారో! అయినా సామాను డ్రైవరే ఎత్తాడు, నాన్నగారు అడిగిన చోటల్లా ఆపాడు. లింజ్ దాటి హైవే ఎక్కాక అమ్మ నిద్రపోయింది. దేశం మారిందని ఆవిడకి సాల్జ్‌బర్గ్‌లో చెప్పేదాకా తెలియదు. సరిహద్దులో ఆ రోజు మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పెద్దవాళ్లుంటే, దారిలో రెండు మూడు రైళ్లు మారాల్సి వస్తే, షటిల్‌కి పెట్టే డబ్బు దండగ కాదు. మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

ఇక సాల్జ్‌బర్గ్ నుంచి మ్యూనిక్. అన్నిటికంటే చిన్న ప్రయాణం, దాదాపు 150 కిలోమీటర్లు. రోజూ జనం ఉద్యోగాలకి పోయి వచ్చే దారి. బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రమంతా ఒక రోజు చెల్లే టికెట్) ఒక్కటి తీసుకుంటే ఐదుగురి వరకూ ప్రాంతీయ రైళ్లలో ఎక్కొచ్చు, ఆస్ట్రియాలో ఉన్నా సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. పనిరోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే ఎక్కాలి, అంతే షరతు. ఇంత సులువైన దారి వదిలి మా ఆయన బస్సు బుక్ చేశారు. ఎందుకయ్యా అంటే, లైన్‌లో పనులు జరుగుతున్నాయి, కొంత దూరం రైలు బదులు బస్సు వేస్తారట. "ఎలాగూ బస్సే కదా, మొత్తం బస్సులోనే పోదాం, హాకర్‌బ్రుకె బస్టాండులో దింపుతాడు, ఇంటికి దగ్గర." వినడానికి బాగానే ఉంది.

స్టాపు ఊరి చివర, కార్లు పార్క్ చేసే మైదానం పక్కన. కూర్చోడానికి బల్ల లేదు. బస్సు వియన్నా నుంచి రావాలి, లేటు. వచ్చాక డ్రైవరు పెద్ద సూట్‌కేసులన్నీ డిక్కీలో తోశాడు. మావి లోపలికి పోయాయి, వాటి ముందు వేరేవాళ్లవి పేర్చాడు.

పావుగంటలో వాల్జర్‌బెర్గ్ సరిహద్దు వచ్చింది. షెంగెన్ (ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాలు) అంటే సరిహద్దులు లేవని మనం ఇండియాలో ఉన్నవాళ్లకి గొప్పగా చెబుతుంటాం. జర్మనీ ఆస్ట్రియా వైపు 2015 నుంచీ తనిఖీలు చేస్తూనే ఉంది. 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటిలోనూ పెట్టింది. బస్సుని పక్కకి తీయించి ఇద్దరు పోలీసులు ఎక్కారు. ముందు సీట్లవాళ్ల కార్డులు అలా చూసి ఇచ్చేస్తున్నారు. మా దగ్గర ఆగారు.

అమ్మ పాస్‌పోర్టు చూశారు, సరే అన్నారు. నాన్నగారిది తీసుకుని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు. వీసా ఉంది, జర్మనీ ఇచ్చిందే, గడువూ ఉంది. లేనిది ప్రవేశ ముద్ర. ఎప్పుడొచ్చారో తెలియకపోతే, ఉండనిచ్చే తొంభై రోజులు దాటాయో లేదో ఎలా లెక్కపెట్టాలి అన్నాడు వాళ్లలో ఒకడు. నేను జర్మన్‌లో చెప్పబోయాను, ఇద్దరూ ఒకే విమానంలో వచ్చారు, అమ్మ ముద్ర చూడండి అని. చెయ్యి అడ్డం పెట్టి, "ఆయన్నే చెప్పనివ్వండి" అన్నాడు. నాన్నగారు లేచి నిలబడ్డారు. "సర్, ఐ యామ్ రిటైర్డ్ హెడ్మాస్టర్, జిల్లా పరిషత్ హైస్కూల్." ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆ కుర్రాడికి. నాన్నగారు వాడిని సర్ అంటున్నారు.

బోర్డింగ్ పాసు ఉందా అని అడిగాడు. ఉంది. నాన్నగారు ఏ కాగితమూ పారేయరు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వరసగా పెట్టుకున్నారు. ఆ ఫోల్డరు సూట్‌కేసులో, ఆ సూట్‌కేసు డిక్కీలో అందరి సామాను వెనకాల.

కిందికి దిగమన్నారు. డ్రైవరు గొణుక్కుంటూ దిగాడు, డిక్కీ తెరవనన్నాడు. పోలీసు గట్టిగా చెప్పాక తెరిచి, ఒక్కొక్క పెట్టె తీసి రోడ్డు మీద విసిరినట్టు పెట్టాడు. "ఐదు నిమిషాలు, తర్వాత నేను పోతాను" అని నా ముఖం చూసి అన్నాడు. బస్సు అద్దాల్లోంచి అందరూ మమ్మల్నే చూస్తున్నారు. అమ్మ లోపల సీట్లో హనుమాన్ చాలీసా మొదలుపెట్టింది. మా ఆయన బాబు నిద్రలేస్తాడని సీట్లోంచి కదల్లేదు. అది నేను మర్చిపోను.

సూట్‌కేసు తెరవగానే పైన మందుల సంచి. ఇంతలో రెండో పోలీసు, ఆవిడ, ఇవేమిటి అంది. అమ్మ బయల్దేరేముందు మాత్రల స్ట్రిప్పులన్నీ కత్తెరతో ముక్కలు చేసి, రోజుకో కవర్ చొప్పున కట్టింది. మనందరి ఇళ్లలో చేసేదే. అలా కోస్తే మందు పేరు ఉన్న భాగం ఎక్కడో పోతుంది, చేతిలో మిగిలేది పేరు లేని వెండి రేకు. ఆవిడ ఒక్కో కవరూ ఎత్తి టార్చి వేసి చూసింది. బీపీ, షుగర్, ప్రోస్టేట్ అని నేను చెబుతూ పోయాను. నాన్నగారి బాత్రూమ్ సమస్యని రోడ్డు మీద, తెలియని ఆడమనిషికి, ఆయన ముందే జర్మన్‌లో వివరించాల్సి వచ్చింది. ఆయనకి భాష రాకపోయినా నేను ఏం చెబుతున్నానో అర్థమైంది. తల తిప్పుకుని హైవే వైపు చూస్తూ నిలబడ్డారు.

డాక్టరు చీటీ చూపించాను. ఆ రాత మన మెడికల్ షాపు వాళ్లకి తప్ప ఎవరికి అర్థమవుతుంది!

చివరికి బోర్డింగ్ పాసు దొరికింది. దాన్ని చూసి కూడా వదల్లేదు, ముద్ర కోసం మళ్లీ వెతికాడు. పాత వీసా అంటించిన పేజీలో, దాని రంగుల మీదే కొట్టారు ఎయిర్‌పోర్టులో. సిరా సగమే అంటింది. టార్చి ఏటవాలుగా పట్టుకుంటే నలుచదరపు గీత, మూలన చిన్న విమానం బొమ్మ, తేదీలో సగం కనిపించాయి. "హియర్ ఇట్ ఈజ్" అన్నాడు నవ్వుతూ, మాకేదో మేలు చేసినట్టు. క్షమించండి అని ఒక్క ముక్క రాలేదు. నాన్నగారే "థాంక్యూ సర్" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు ఆగలేదు. డ్రైవరు మా సూట్‌కేసు జిప్పు పూర్తిగా వేయకముందే లోపలికి తోయబోతే, ఆపి, జర్మన్‌లో నాలుగు అంటించాను. ఇన్నేళ్లుగా ఈ భాష నేర్చుకున్నందుకు ఆ రోజు ఫలితం దక్కింది. వెనక సీట్లో ఒక ముసలాయన బొటనవేలు ఎత్తి చూపించాడు కూడా.

రైల్లో అయితే పోలీసులు ఉండరా అని మా ఆయన వాదన. ఉంటారు. సరిహద్దు దాటగానే ఫ్రైలాసింగ్‌ స్టేషన్లో ఎక్కి అదే పాస్‌పోర్టు అడుగుతారు. కానీ సూట్‌కేసు నెత్తి మీద ర్యాక్‌లోనే ఉంటుంది, ఫోల్డరు చేతికందుతుంది. ఒకవేళ దింపినా బయర్న్ టికెట్ మీద తర్వాతి రైలెక్కొచ్చు. బస్సు పోతే పోయినట్టే, ఆ టికెట్ ఆ బస్సుకే. పైగా రైలు గంట ఆలస్యంగా చేరితే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి ఇవ్వాలని యూరప్ చట్టంలో ఉంది. మినహాయింపులు లేకపోలేదు, అయినా అడగడానికి ఒక దారుంది. బస్సుల చట్టం వేరు. 250 కిలోమీటర్లు పైబడిన సర్వీసైతే, రద్దయినా, రెండు గంటలకి మించి బయల్దేరకపోయినా డబ్బు వాపసో ఇంకో బస్సో అడగొచ్చు. దారిలో జరిగిన ఆలస్యానికి ఏమీ రాదు. అయినా కంపెనీకి పెద్ద ఉత్తరమే రాశాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని జవాబు, కింద వచ్చే ప్రయాణానికి ఒక కూపను. దాన్ని మా ఆయన జాగ్రత్తగా దాచుకున్నారు.

విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లుంటే ఎయిర్‌పోర్టు దాటకముందే ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. పడకపోతే అక్కడే అడగండి. కొత్తగా కంప్యూటర్లో వివరాలు ఎక్కించే పద్ధతి తెచ్చారు కాబట్టి ఇకపైన వచ్చేవాళ్లకి ఈ ముద్రల గొడవ ఉండకపోవచ్చు. మాత్రలు మాత్రం కోయకండి. ఈ మాట అమ్మతో అంటే, "షీటు మొత్తం తెస్తే సంచి పట్టదే" అంది.

వచ్చే నెల వెనిస్. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్, వెరోనా మీదుగా డైరెక్ట్ రైలుంది. పగలంతా పడుతుంది, కొండల్లోంచి పోతుంది. మా ఆయన నిన్న రాత్రే బస్సు లింకు పంపారు, రాత్రి బస్సట, సగం ధరట, పైగా కూపను ఉందట. నేను జవాబివ్వలేదు. పొద్దున్నే స్టేషన్ కౌంటర్‌కి వెళ్లి రైలు టికెట్లు, సీట్లతో సహా తీసేశాను. నాన్నగారికి కిటికీ పక్క సీటు, బాత్రూమ్‌కి దగ్గరగా. కూపనుతో మా ఆయన ఎక్కడికైనా ఒక్కరే వెళ్లొచ్చు.