ఆపరేషన్ అయిపోయిందా?

మా చిన్నోడి ఎముక మజ్జ ట్రాన్స్‌ప్లాంట్ రోజుల్లో తెనాలి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగింది ఒక్కటే: "ఆపరేషన్ అయిపోయిందా?" మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత "ఆ, అయింది పిన్నీ" అని ఊరుకునేదాన్ని. అసలు అందులో ఆపరేషనే లేదు. కోతా లేదు, కుట్టూ లేదు.

వాడికి ఆరో ఏట బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్, బయటపడింది. రెండున్నరేళ్ళు కీమో నడిచింది. ఆపిన నాలుగు నెలలకే తిరగబెట్టింది. ఇంత తొందరగా తిరగబెడితే ఒట్టి కీమోతో ఆగదు, ఎముక మజ్జ మార్చాల్సిందే అన్నారు హైదరాబాదులో డాక్టరుగారు.

అమెరికాలో ఉన్న మా మరిది కార్-టి గురించి పేజీలకు పేజీలు పంపాడు. పిల్లాడి రక్తంలో జబ్బులతో పోరాడే టి-కణాలనే బయటికి తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించే వైద్యం. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాపకి ఇచ్చారు, ఆ మందుకి 2017లో అక్కడ అనుమతి వచ్చింది. మన దగ్గర ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళు కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది కానీ, పదిహేనేళ్ళు నిండినవాళ్ళకే. మావాడికి తొమ్మిది. ఇంకో ఆరేళ్ళు ఆగమని జబ్బుకి ఎవరు చెప్తారు?

సరే, మజ్జే. ఎవరి కణాలు వాడికి ఎంతవరకు కలుస్తాయో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష అందరికీ చేశారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ముందే తీర్మానించేసుకుంది, ఇచ్చేది తనేనని. తోబుట్టువులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. అస్సలు కలవకపోయే అవకాశమూ అంతే. మాకు ఆ రెండోది వచ్చింది. ఆ రాత్రి అది కంచం ముందు కూర్చుని, "వాడూ నేనూ రోజూ కొట్టుకుంటాం కాబట్టేనా అమ్మా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బయటి దాతల రిజిస్ట్రీల్లో వెతికించాం, దొరకలేదు. ఇక మిగిలింది సగం మ్యాచ్, హాప్లో. తల్లీ తండ్రీ ఎవరైనా బిడ్డకి సగం కలిసే తీరతారు. ఒకప్పుడు సగం మ్యాచ్ అంటే దాత కణాలు పిల్లాడి ఒంటినే కొరుక్కుతింటాయని భయపడేవాళ్ళట. కణాలు ఎక్కించాక మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చి ఆ దూకుడుని అణిచే పద్ధతి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ నుంచి వచ్చాకే మాలాంటి వాళ్ళకి దారి దొరికింది. మా ఆయన్ని దాతగా ఎంచుకున్నారు.

నాకు అన్నిటికంటే కష్టమైంది సంతకాల రోజు. కొత్త కణాలు ఎక్కించే ముందు పాత మజ్జని ఖాళీ చేయడానికి ఒళ్ళంతటికీ రేడియేషన్ ఇస్తామన్నారు. మూడు రోజులు, రోజుకి రెండుసార్లు. వద్దంటే కుదరదా అని అడిగాను. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు: నాలుగేళ్ళు దాటిన ఏఎల్ఎల్ పిల్లల మీద చాలా దేశాలు కలిసి చేసిన ఫోరమ్ అనే పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో రెండేళ్ళకి నూటికి 91 మంది బతికి ఉన్నారు, బదులుగా మందులే వాడినవాళ్ళలో 75 మంది. "అది పూర్తి మ్యాచ్ ఉన్న పిల్లల మీద చేసింది, మనది సగం. ఆ అంకెలు యథాతథంగా మీ బాబుకి అంటగట్టలేను" అని కూడా ఆయనే అన్నారు. ఆ మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది. ఫారంలో ఒక వరుస ఉంది, పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోవచ్చని. గది బయట వాడు ఫోన్లో క్రికెట్ ఆట ఆడుకుంటున్నాడు. నేను సంతకం పెట్టాను.

మా ఆయనకి ఐదు రోజులు ఇంజెక్షన్లు, మజ్జలోని మూలకణాలు రక్తంలోకి రావడానికి. నడుం విరిగిపోతోందని మూలిగారు. రక్తంలోంచి ఆ కణాలని వేరుచేసే మిషన్ మీద నాలుగు గంటలు పైనే పడుకోబెట్టారు. పెదాలు తిమ్మిరెక్కుతుంటే కాల్షియం బిళ్ళలు నమిలించారు. సాయంత్రానికి సంచీ వచ్చింది, టమాటా చారు రంగులో. ఛాతీలో పెట్టిన లైన్‌లోంచి గంటలోపే దిగిపోయింది. వాడు నిద్రపోయాడు. వాళ్ళడిగే ఆపరేషన్ ఇదే.

మర్నాటి నుంచి జ్వరం. హాప్లోలో ఇది మామూలేనన్నారు, నూట మూడు చూశాక మామూలు ఎక్కడిది? సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన రెండు రాత్రులూ మూత్రసంచి దెబ్బతినకుండా సెలైన్ పారిస్తూనే ఉన్నారు. రెండు గంటలకోసారి లేపి, జాడీలో పట్టి, కొలిచి రాయడం నా పని. నిద్రమత్తులో వాడు తిట్టిన తిట్లు వాళ్ళ తాతవి.

తర్వాత నోరంతా పుళ్ళు. ఉమ్మి కూడా మింగలేడు. తెల్లకణాల కౌంట్స్ సున్నా. రోజూ పొద్దున్నే అద్దం మీద మార్కర్‌తో అంకె వేసేదాన్ని. పన్నెండు రోజులు వరసగా సున్నాలే. తిండంతా కుక్కర్‌లో ఉడికించి వేడిగా ఇవ్వాల్సిందే, పెరుగు కూడా నిషిద్ధం. మింగలేని ఆ నోటితోనే "అమ్మా, ఆవకాయ వాసన చూపించవా" అని అడిగాడు ఒకసారి. అదీ కుదరదన్నారు.

పదిహేడో రోజు రెండొందలు వచ్చింది. మార్కర్ చేతిలో ఉండగానే నేను నర్సమ్మని కౌగిలించుకోబోయి గ్లవ్స్ గుర్తొచ్చి ఆగిపోయాను. ఐదొందలు దాటి మూడు రోజులు నిలబడ్డాక, కణాలు పట్టాయన్నారు. ముప్పయ్యో రోజు పరీక్షలో అన్నీ నాన్న కణాలే.

ఆ తర్వాత ఏడాదీ తీరికగా ఏమీ లేదు. చర్మం మీద దద్దుర్లు, నాన్న కణాల దూకుడుని అణిచే సైక్లోస్పోరిన్ మందు లెవెల్స్, వారానికోసారి రక్తపరీక్ష, చిన్నప్పుడు వేసిన టీకాలన్నీ మళ్ళీ మొదటినుంచి. డబ్బు సంగతి తలుచుకుంటే గుండె దడ, అది ఇంకోసారి రాస్తాను.

ఈ జూన్‌లో బడికి వెళ్ళాడు. ఐడీ కార్డు ఫారంలో బ్లడ్ గ్రూప్ వాళ్ళ నాన్నదే, ఓ పాజిటివ్ అని రాశాను. క్లర్కు పాత రిజిస్టరు తిప్పి, "ఇక్కడ బి పాజిటివ్ అని ఉందమ్మా, పోయినసారి తప్పు రాశారా?" అన్నాడు.

"లేదండీ, అప్పుడు బి నే" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని వాడి వైపు చూశాడు. వాడు అప్పటికే గేటు దగ్గర వాళ్ళక్కతో కొట్లాడుతున్నాడు.