నౌకా గడియారంలో బెల్స్: నేను చదివిన పద్ధతి

సీమన్‌షిప్ (ఓడ పనుల నైపుణ్యం) మౌఖిక పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులారా, చాలామంది పట్టికగా బట్టీపట్టి పరీక్ష గదిలో తడబడే ఈ అంశాన్ని, అంటే ఓడలో బెల్ దెబ్బలతో సమయం చెప్పే పద్ధతిని, నేను దాని పుట్టుక నుంచి చదువుకున్నాను, మీరూ అలాగే చదవాలని నా గట్టి కోరిక.

తెరచాప ఓడల్లో కాలాన్ని అరగంట ఇసుక గడియారంతో కొలిచేవారు. దాన్ని తిరగేసిన ప్రతిసారీ బెల్ మోగించి, ఒక్కో దెబ్బ పెంచుకుంటూ పోతే, నాలుగు గంటల వాచ్ (ఒక జట్టు విధిలో ఉండే వంతు) ముగిసేసరికి ఎనిమిది బెల్స్ అయ్యేవి. కాబట్టి బెల్స్ చెప్పేది వాచ్‌లో ఎంతసేపు గడిచిందన్నదే. దెబ్బలు జంటలుగా పడతాయి. చివర ఒంటి దెబ్బ వినిపిస్తే అది అరగంట వేళ అని వెంటనే తెలిసిపోతుంది. ఉదయం 9:30కి ఒక జంట, ఒక ఒంటి దెబ్బ, అంటే మూడు బెల్స్. నేను ఏ సమయం కనిపించినా వాచ్ మొదలైన వేళ నుంచి అరగంటలు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత పట్టిక అవసరమే రాలేదు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది డాగ్ వాచ్‌ల మీద. రోజుకు ఆరు వాచ్‌లే ఉంటే రెండు జట్లలో ఒకే జట్టుకు ప్రతి రాత్రీ అదే వాచ్ పడుతుంది. అందుకే 16:00 నుంచి 20:00 వరకు ఉన్న వాచ్‌ను రెండుగా చీల్చి మొత్తం ఏడు చేశారు. ఆ రెండు పొట్టి వాచ్‌లే డాగ్ వాచ్‌లు. బ్రిటిష్ సంప్రదాయంలో రెండో డాగ్ వాచ్‌లో 18:30కి ఒకటి, 19:00కి రెండు, 19:30కి మూడు, 20:00కి ఎనిమిది కొడతారు. 1797 నాటి నోర్ తిరుగుబాటుకు (బ్రిటిష్ నౌకాదళ నావికుల తిరుగుబాటు) ఐదు బెల్స్ సంకేతమనీ, అందుకే ఆ వాచ్‌లో ఐదు కొట్టడం మానేశారనీ నావికులు చెప్పుకుంటారు. పరీక్షలో దీన్ని జనశ్రుతిగానే చెప్పండి. తనంతట తాను మోగే మామూలు యాంత్రిక గడియారం మాత్రం డాగ్ వాచ్‌ను పట్టించుకోక 18:30కి ఐదు బెల్స్ కొడుతుంది.

సమయం చెప్పే ఈ బెల్స్‌ను పొగమంచు సంకేతంతో కలపవద్దు. 1972 నాటి ఢీకొనకుండా నివారించే అంతర్జాతీయ నిబంధనల్లో 33వది, 20 మీటర్లు, అంతకు మించిన పొడవున్న నౌకకు బెల్ తప్పనిసరి చేసింది. 35వది ప్రకారం చూపు ఆననివేళ లంగరు వేసి ఉన్న నౌక నిమిషానికి మించని వ్యవధుల్లో సుమారు 5 సెకన్లపాటు బెల్‌ను వేగంగా మోగించాలి. 100 మీటర్లు, అంతకు మించిన నౌకైతే బెల్ ముందు భాగంలో మోగిన వెంటనే వెనుక భాగంలో గాంగ్ (పళ్లెంలాంటి లోహపు గంట) కూడా మోగించాలి.