లివర్ మందుల 'మందు'

మా మేనమామ పోయిన ఎండకాలం మిర్యాలగూడల స్కానింగ్ తీయించుకుంటే ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చింది, డాక్టర్ ఒక్కటే మాట చెప్పిండు, మందు బంద్ అని. మామ నిజంగనే బంద్ పెట్టిండు, కల్లు గూడ ముట్టలే, మా అత్తకే నమ్మబుద్ధి కాలే. మూడో నెలల ఎవరో చెప్తే రోహితకారిష్టం అనే లివర్ ఆయుర్వేద మందు సీసా తెచ్చుకున్నడు, తిన్నంక రెండు మూతలు, అన్నే నీళ్లు కలుపుకొని తాగుడు. మూత తీసి వాసన చూసి "ఏ అల్లుడా, ఇది పాత దోస్తు లెక్కనే ఉందిరా" అన్నడు.

నవ్విన గానీ లేబుల్ చదివితే నవ్వు ఆగింది. దానంతటది తయారైన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం అని చిన్న అక్షరాలల్ల ఉంది, స్ట్రాంగ్ బీర్ల గూడ 8 దాటదు కదా! అరిష్టం అంటేనే గంత, రోహితక బెరడు కషాయం కాచి, బెల్లం, ధాతకి పువ్వు, త్రిఫల గట్ల వేసి మూతి కట్టి పులియబెడ్తరు. బెల్లం పులిస్తే ఏమైతదో గుడుంబా చూసిన మన జిల్లాల ఎవ్వరికీ చెప్పక్కర్లేదు. తాగేది రెండు మూతలే అనుకోండ్రి, కానీ మానేసినోనికి ఆ వాసనే చాలు.

చెట్టు ఎక్కడన్న ఉంటే మామకు చూపిద్దామని వెతికితే ఇంకో కథ. అసలు రోహితకం రాజస్థాన్ ఇసుక నేలలది, అక్కడ రోహిడా అంటరు, ఆ రాష్ట్ర పువ్వు అదే, కట్టె గట్టిదని మార్వాడ్ టేకు అని గూడ అంటరంట. పువ్వు దానిమ్మ పువ్వు లెక్క ఉంటదని సంస్కృతంల దాడిమపుష్పకం అన్నరు, ప్లీహం, అంటే స్ప్లీన్, వాపు తగ్గిస్తదని ప్లీహఘ్నం అన్నరు. దక్షిణాదిల మాత్రం అదే పేరు మీద అఫనామిక్సిస్ అనే వేరే చెట్టు బెరడు వాడుతరు, అది మన వేపకు చుట్టం, రోహిడాకు ఏమీ కాదు. అందుకే సీసా మీద బొటానికల్ పేరు చూడుండ్రి, మామ సీసా మీదైతే టెకోమెల్లా అనే ఉంది, అంటే రాజస్థాన్‌దే.

డాక్టర్‌కు చూపిస్తే ఒక్క మూత గూడ వద్దన్నడు. షాపాయన మూత తీసినంక వాపస్ తీస్కోను అన్నడు. చివరికి అత్త దాన్ని తీస్కపోయి నిమ్మచెట్టు మొదట్ల పోసింది, మామ గడపల కూసొని చూస్తనే ఉన్నడు.