కోళ్లతో పాటే పడుంటాయట!

"వాటికేముందమ్మా, కోళ్లతో పాటే పడుంటాయి" అన్నారు బావగారు, రెండు పెద్దబాతు పిల్లలున్న అట్టపెట్టె నా చేతికిస్తూ. ఆ మాట ఈ రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు. పడుండేది ఎవరు? పొద్దున్నే లేచి తడి ఊక ఎత్తిపోసే మనిషే కదా ఈ ఇంట్లో పడుండేది!

ఆయన్ని అని లాభం లేదు లెండి. కోడిపెట్ట కింద పొదిగించారు కనుక ఆయన దృష్టిలో అవి కాస్త మెడ సాగిన కోడిపిల్లలు. పాపం ఆ పెట్ట, తన లెక్క ప్రకారం 21 రోజులకు లేచిపోవలసింది. పెద్దబాతు గుడ్లకు నెల పడుతుంది. లేవకుండా కూర్చుంది. గుడ్లు దాని కాళ్లతో దొర్లించలేనంత పెద్దవి కావడంతో రోజూ బావగారే చేత్తో తిప్పారట. ఇంత చేసిన మనిషి నీళ్ల గురించి ఒక్క మాట చెప్పి ఉండకూడదా?

గొడవంతా నీళ్లతోనే. ఇవాళ కోళ్ల నీళ్లగిన్నె కడిగి, నింపి, వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి అందులో నీళ్లు లేవు, దాణా కలిపిన బురద ఉంది. ఈ పిల్లలు రెండు ముక్కలు తినడం, పరుగున వచ్చి తల ముంచడం, మళ్లీ వెళ్లి తినడం. తల మునిగేంత నీళ్లు లేకపోతే వాటి ముక్కురంధ్రాల్లో దాణా గట్టిపడుతుంది, కళ్ల చుట్టూ పుసులు కడతాయి. కాబట్టి వాటి అవసరం వాటిది. కానీ ఆ చిందిన నీళ్లన్నీ పోయేది కోళ్ల కింద పరిచిన ఊకలోకే. ఊక తడిస్తే ఒక్క పూటలో కళ్లు మండే అమ్మోనియా వాసన. ఆపైన కోళ్లకు కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రావడానికి కావలసిన చెమ్మ మనమే సిద్ధం చేసి పెట్టినట్టు. మా కోడిపెట్ట ఎర్రక్క ఆ గిన్నెలోకి ఒక కన్నుతో చూసి, తల తిప్పి అదే కన్నుతో నన్ను చూసింది, అద్దె సకాలంలో కట్టే మనిషి ఇంటి యజమానిని చూసినట్టు. ఇంకో పెట్ట బామ్మగారైతే నీళ్లు తాగకుండానే అడ్డకర్ర ఎక్కి కూర్చుంది, పట్టపగలు.

అప్పుడే నిర్ణయించాను, ఆదివారం ఇవి వచ్చిన దారిన వెనక్కి వెళతాయని. ఈయనతో చెబితే "నీ ఇష్టం" అన్నారు. ఆ "నీ ఇష్టం" ఏ రకందో మీకు తెలుసు.

దాణా సంగతి మరో తలనొప్పి. కోడిపిల్లల దాణా వీటికి సరిపోతుందని అందరూ అంటారు. సరిపోదు. వీటికి నియాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ కావాలి. అది చాలకపోతే కాళ్లు వంకర్లు పోతాయి, పిల్ల లేచి నిలబడలేదు. అందుకని ఆ విటమిన్ ఉండే బ్రూవర్స్ ఈస్ట్ పొడి తడిదాణాలో కలిపి పెడుతున్నాను. పోనీ అని మాంసకృత్తులు మరీ ఎక్కువున్న దాణా పెడితే ఇంకో చిక్కు, రెక్క చివర బయటికి మెలితిరిగిపోతుంది. దాన్ని ఏంజెల్ వింగ్ అంటారు, పేరు మాత్రం ముద్దుగా పెట్టారు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో 4 శాతం దాకా కాల్షియం ఉంటుంది. పెంకు గట్టిపడాలి కనుక వాటికది కావాలి. ఎదిగే పిల్లలకు అదే మూత్రపిండాల మీద పడుతుంది. అంటే రెండు గిన్నెలు, రెండు దాణాలు. ఇవి వెళ్లి వాళ్లది తింటాయి, వాళ్లు వచ్చి వీటిది తింటారు. మధ్యలో నేను కర్ర పట్టుకుని న్యాయం చెబుతూ నిలబడాలి.

ఇదంతా ఫోనులో బావగారికి చెబితే ఏం చేశారనుకున్నారు? రోము కథ ఎత్తుకున్నారు. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో రోము మీదికి దండెత్తిన గాల్ సైనికులు రాత్రిపూట కాపిటోల్ కొండ ఎక్కుతుంటే కుక్కలు మొరగలేదు, జూనో దేవత గుడిలోని పెద్దబాతులే అరిచి ఊరిని లేపాయి అని. "కాపలాకి వాటిని మించినవి లేవమ్మా" అన్నారు. నేను ఊక గురించి అడిగాను బావగారూ!

పైగా అరవడం వేరు, ఆపడం వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

అమ్మమ్మ పెరట్లో ఒక మగ పెద్దబాతు ఉండేది. తెల్లటిది, ముక్కు మొదట్లో నారింజరంగు బొడిపె. మెడ నేలబారున చాచి బుసకొడుతూ వచ్చేది. మేము పరిగెత్తేవాళ్లం, పరిగెత్తినవాళ్లనే అది తరిమేది. గడ్డి తెంపుకోవడానికి దాని ముక్కు అంచున రంపపు పళ్లుంటాయి. వాటితో పట్టి మెలిపెడితే నా పిక్క నల్లగా కమిలిపోయింది. అమ్మమ్మ మాత్రం అడుగు వెనక్కి వేసేది కాదు. రెండు రెక్కలూ కలిపి అదిమి, ఎత్తి, తల వెనక్కి ఉండేలా చంకలో ఇరికించుకునేది. ఇక ఆ చంకలో దానితోనే రెండో చేత్తో కోళ్లకు గింజలు చల్లేది, గిన్నెలు సర్దేది, వచ్చినవాళ్లతో మాట్లాడేది. అది ఆమె వీపు వైపు నుంచి లోకాన్ని చూస్తూ ఊరుకునేది. దింపాక కాసేపు ఎవరి జోలికీ వచ్చేది కాదు.

దానికొక జత ఉండేది. ఒక రాత్రి కుక్కలు వచ్చాయి. మగది అరిచిన అరుపులకు అందరం లేచాం, దీపం పట్టుకుని తాతయ్య పరిగెత్తారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. గూటి గడియ ఎవరు వేయలేదో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. తరవాత చాలా రోజులు అది పెరడంతా తిరుగుతూ పిలిచేది, మేత సరిగా ముట్టలేదు. ఒకనాటి నుంచి కోళ్లగూటి తలుపు ముందు పడుకోవడం మొదలుపెట్టింది. కోళ్లు పైన కర్రల మీద, ఇది కింద నేల మీద. ఆ పక్షులు ఇరవయ్యేళ్లు దాటి కూడా బతుకుతాయి. నా పెళ్లికి వచ్చినవాళ్లను కూడా అది తరిమింది.

ఇది రాస్తూ ఉంటే ఆ పెరడు కళ్ల ముందుకొచ్చింది. కోళ్ల నీళ్లు గూటి దగ్గర, ఎత్తైన రాయి మీద ఉండేవి. పెద్దబాతుల తొట్టి ఆ చివర, కంకరరాళ్ల మీద. చిందిన నీళ్లు అటునుంచి అటే అరటిచెట్ల పాదుల్లోకి జారిపోయేవి. కోళ్లకు తడి ఎక్కడిది మరి? ఒకే పెరట్లో పెంచడం అంటే ఒకే గిన్నెలో తాగించడం కాదు. అమ్మమ్మ ఈ మాట ఎవరికీ చెప్పలేదు, రాళ్లు పరిచి ఊరుకుంది.

సరే, ఆదివారం ఇవి వెళ్లడం లేదు. ఈయనకు పొద్దున చెబుతాను. పగలు ఒకే పెరడు, పచ్చిక వీటికి, పురుగులు కోళ్లకు. రాత్రికి గూడు మాత్రం వేరు. వీటికి మెట్లు, కర్రలు అక్కర్లేదు, నేల మీదే పడక, వెడల్పాటి తలుపు, గట్టి గడియ. గడియ నేనే వేస్తాను, ఆ పని ఎవరికీ అప్పగించను.

మా చిన్నమ్మాయి బడి నుంచి రాగానే రెండూ దాని వెనకాల వరసగా నడుస్తున్నాయి, అది ఆగితే ఆగుతున్నాయి. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో ఎవరిని చూస్తే వాళ్ల వెంటే పోతాయని జంతువుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ పెద్దబాతు పిల్లలను తన వెనక తిప్పుకుని చూపించాడు, 1973లో నోబెల్ కూడా పంచుకున్నాడు. మా చిన్నదానికి ఇవి కాస్త ఆలస్యంగా దొరికాయి, అయినా వదలడం లేదు.

రెండింట్లో ఏది మగది, ఏది ఆడదో ఇంకా తెలియదు. రెండూ మగవే అయితే జత కట్టే కాలంలో పెరట్లోకి ఎవరు అడుగు పెడతారో చూడాలి. ఆ గొడవ అప్పటికి చూసుకోవచ్చు. ముందు నాకు కావలసింది రెండు గంపల కంకర, కాలవ తవ్వడానికి ఒక మనిషి. ఆదివారం గునపం తెచ్చుకుని రమ్మని బావగారికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. చూశారు, జవాబు లేదు.