ఫెవికాల్ బ్యాచ్‌కి రాయునది ఏమనగా

మన బడి బ్యాచ్ మీటింగ్ సంచికకి ఒక పేజీ రాసిమ్మని కమిటీ నుంచి ఫోన్ మీద ఫోన్. దసరాలోపు ఇవ్వకపోతే నా పేజీలో బంగారం షాపు ప్రకటన వేసేస్తానని మన క్లాసు దోసకాయ (బడిలో పెట్టిన పేరు మరి!) బెదిరించింది కూడా. ఏం రాయను? హెడ్మాస్టారి బెత్తం గురించి ఎట్టాగూ అబ్బాయిలు రాస్తారు. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులోకి చదువు రొట్టె కోసం దిగి పెళ్లి రొట్టె పట్టుకొచ్చిన సంగతి బొంగరమే రాసుకోవాలి. ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకసలు గుర్తే లేవు. ఉన్నదల్లా ఏడో తరగతి, శుక్రవారం ఆఖరి పీరియడ్, క్రాఫ్ట్ టీచర్.

అరచేతికి ఫెవికాల్ పూసుకుని ఆరాక పొర ఊడదీసే రోగం మనందరికీ ఉండేది కదా. ఆ రోజు మూడో బెంచీ మొత్తం దొరికిపోయాం. లెక్కల సారయితే గోడ కుర్చీయే. టీచర్ మాత్రం నా చేతిలోంచి ఆ పొర తీసుకుని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి, "చూడండిమే, చేతి గీతలు కూడా దిగినాయి. దీనిమీద బొమ్మేస్తే?" అన్నారు. తర్వాతి వారం పాలిథీన్ కవర్ మీద ఫెవికాల్ పల్చగా పరిపించి, ఆరాక పూలు వేయించి, ఊడదీసి అట్టల మీద అతికింపజేశారు. సగంమంది తడి మీదే లాగి చింపుకున్నారు. "ఏందిమే ఆ తొందర, ఆరనీ!" ఈ మాట మీరందరూ ఆమె గొంతుతోనే చదివుంటారు.

ఇప్పుడు నేను చేసేది అదే పని, కాకపోతే గోళ్లకి. జిప్‌లాక్ కవర్ మీద టాప్ కోట్ (గోళ్ల రంగు పైన వేసే పారదర్శకమైన పూత) ఒక పొర, ఆరాక సన్న బ్రష్‌తో నెయిల్ పాలిష్ బొమ్మ, దానిపైన మళ్లీ టాప్ కోట్. రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి చిరగకుండా లేస్తుంది. గోటి కొలతకి కత్తిరించి, కింది రంగు ఇంకా కొంచెం జిగటగా ఉన్నప్పుడే ట్వీజర్‌తో పెట్టి, మధ్యనుంచి అంచులకి నొక్కి, మిగిలిన ముక్క రిమూవర్ బ్రష్‌తో తుడిచి, ఇంకో కోట్. మరీ సన్న డిజైన్లయితే వాటర్‌స్లైడ్ కాగితం మీద ప్రింట్ తీస్తాను. ఇంక్‌జెట్ రంగు నీళ్లకి కారిపోతుంది కాబట్టి ముందు క్లియర్ అక్రిలిక్ స్ప్రే కొట్టాలి, లేజర్‌కి ఆ బాధ లేదు. అర నిమిషం నీళ్లలో ఉంచితే బొమ్మ కాగితం మీంచి జారి వస్తుంది. మామూలు ప్రింటర్ తెల్లరంగు వేయదు, అందుకని గోటికి ముందు తెల్ల పాలిష్ ఉండాలి. వీడియోల వాళ్లు ఈ ముక్క ఆఖర్న చెప్తారు!

వెంకటగిరి జాందానీ కట్టే పెళ్లికూతుళ్లు చీర ఫోటో వాట్సాప్‌లో పెడతారు, ఆ నెమలిని, మామిడిపిందెని నేను గోటంత చేసి పంపాలి. "గోళ్లకి స్టిక్కర్లా, ఎవరు కొంటారమ్మా" అన్న మా అత్తగారే ఇప్పుడు కొరియర్ అబ్బాయికి కవర్లు లెక్కబెట్టి ఇస్తున్నారు. ట్రంకు రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపు వాళ్లు కూడా నా షీట్లు పెట్టుకుంటున్నారు. గొప్ప కోసం చెప్పట్లేదు... సరే, గొప్ప కోసమే. సోమవారం అసెంబ్లీలో మన గోళ్ల రంగు బ్లేడుతో గీకించిన పీఈటీ సార్ ఇది చదవాలని నా కోరిక.

మీటింగ్‌కి షీట్లు తెస్తున్నాను. బడి గంట, వేపచెట్టు, దోసకాయ రెండు జడలు, అన్నీ ప్రింట్ తీశాను. అందరూ తెల్ల పాలిష్ వేసుకుని రండి, ముదురు రంగు మీద ఇవి కనపడవు. బొంగరం ఇవాళ్టి నుంచైనా గోళ్లు కొరకడం ఆపితే తనకీ అతికించడానికి చోటుంటుంది.