వాడిని నడవనివ్వండి

మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి నడక సాధన ట్రెడ్‌మిల్ మీద. పైనుంచి దిగిన పట్టీలు ఒంటి బరువులో కొంత మోస్తాయి. ఫిజియోథెరపిస్ట్ పక్కన కూర్చుని, ముందు మడమ ఆనేలా పాదాన్ని సరిచేస్తుంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల వాడి పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి. దెబ్బ తిన్నది మెదడు, కాళ్లు కాదు. అందుకే ఏ యంత్రమూ దీన్ని నయం చేయదు. చేయగలిగిందల్లా అడుగులు మళ్లీ మళ్లీ వేయించడం.

హైదరాబాద్‌లో వాడిని అడుగు వేయనిచ్చేవారే లేరు. డిసెంబరు సెలవుల్లో సైనిక్‌పురిలోని పుట్టింటికి వస్తే, వాడు వాకర్ అందుకునేలోగా ఎవరో ఒకరు ఎత్తేసుకుంటారు. "ఎందుకమ్మా పసివాడికి ఈ కష్టం" అంటుంది అమ్మ. మెల్‌బోర్న్‌లో వాడి పేరు సరిగ్గా పలికేవారే తక్కువ; ఇక్కడ వీధి వీధంతా పలకరిస్తుంది. ఆ ఆప్యాయత వాడికి దక్కాలనే ఇంత దూరం వస్తాం. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు లోకాన్ని ఎంతకాలం చంకలోంచి చూడాలి?

అదే అమ్మకు, ఇక్కడ ట్రెడ్‌మిల్ లేక సాధన ఆగిపోతుందేమోనని బెంగ. యంత్రం మీద నడిస్తే వైద్యం, వరండాలో నడిస్తే కష్టం! 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం గురించి ఆమెకు వివరంగా చెప్పాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 5 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో కొందరిని పట్టీల సాయంతో ట్రెడ్‌మిల్ మీద, మిగిలినవారిని మామూలు నేల మీద నడిపించారు. వారానికి రెండుసార్లు, 9 వారాలు. నేల మీద నడిచినవారికంటే ట్రెడ్‌మిల్ వల్ల అదనపు మేలేమీ కనిపించలేదు. ఆ యంత్రం కొనలేకపోయామని కుమిలిపోయే తల్లిదండ్రులు ఇక్కడ ఎందరో. వారికి ఈ మాట చేరాలి. అయితే ప్రతి బిడ్డ పరిస్థితీ వేరు. ఎంతసేపు, ఏ ఆసరాతో నడిపించాలో ఫిజియోథెరపిస్టే చెప్పాలి.

పైగా ట్రెడ్‌మిల్ బెల్టుకు గడపలుండవు. మలుపులు, పగిలిన ఫుట్‌పాత్, అడ్డంగా నిలిపిన బండ్లు ఉండవు. కిరాణా కొట్టుకు వెళ్లే దారిలో వాడు వాకర్ ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఆగాలో తనే తేల్చుకోవాలి. అలసిపోతే కూర్చోవడానికి అమ్మ మడత కుర్చీ పట్టుకుని వెనకే వస్తుంది. దారిలో ఎవరైనా ఎత్తుకోబోతే ఇప్పుడు వారించేది ఆమే.

తమ్ముడికి మాత్రం ఒక్క మినహాయింపు ఇచ్చాను. డాబా మెట్లకు రెయిలింగ్ లేదు కాబట్టి, గాలిపటాలు ఎగరేసే రోజు అక్కడి వరకు ఎత్తుకోవచ్చు.