తాత చెంబు, ప్లాకా బ్రిడ్జి

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు మా బావ జర్మనీ నుంచి వాట్సాప్‌ల ఒక ఫొటో పెట్టిండు, గ్రీసుల ఎపిరస్ అనే కొండల ఏరియాకు టూర్ పోయిండట, అక్కడ అరాక్తోస్ నది మీద ప్లాకా బ్రిడ్జి. 1866ల కట్టింది. అంతా రాయే, నది నడుమ ఒక్క స్తంభం లేదు, ఈ గడ్డ నుంచి ఆ గడ్డకు ఒకటే పెద్ద కమాను, 40 మీటర్లు.

మా తాత వయసుల ఉన్నప్పుడు పాలమూరు లేబర్ గుంపుల డ్యాముల పనికి ఊర్లూర్లు తిరిగిండు. ఫోన్ చేతికిస్తే కండ్లద్దాలు పైకి జరిపి చూసి, మస్తుంది గిస్తుంది ఏమనలే, "సెంట్రింగ్ ఎన్నొద్దులకు ఇప్పిండ్రు?" అన్నడు. నాకేం తెలుస్తది!

"కమాను పూర్తయ్యేదాంక రాయికి రాయి ఆసరా ఉండదు బిడ్డా, మొత్తం బరువు కింద కట్టెలదే" అనుకుంట వాకిట్లకు పోయి, అవ్వ ఇత్తడి చెంబు అడ్డం పండవెట్టి, దాని మీద ఇటుక పెళ్లలు పేర్చి సందుల తడిమట్టి కుక్కిండు, మెల్లగ చెంబు గుంజిండు. బొళక్కున కూలింది, నాకు నవ్వాగలే. తాత మాత్రం మళ్ల పేర్చి ఈసారి రెండు దిక్కుల రెండు బండలు ఆనించి గుంజిండు. నిలవడ్డది! "కమాను పక్కలకు తంతది రా, గడ్డలు గట్టిగుండాలె."

ఎపిరస్ మేస్త్రీలు కూడ అచ్చం మనోళ్ల లెక్కనే, గుంపులు కట్టి పనికోసం దేశాలు తిరిగేటోళ్లట, పని చెప్పే ఆసామికి అర్థం కాకుండ వాళ్లల్ల వాళ్లకు ఒక రహస్య భాష గూడ ఉండె, కుదారితికా అంటరు. ఇది చెప్తే తాత మురిసిండు, మాక్కూడ ఉండె అన్నడు గని ఒక్క మాట చెప్పలే.

2015 ఫిబ్రవరి 1న వరదకు ఆ బ్రిడ్జి కూలింది, బావ చూసింది 2020ల మళ్ల రాయితోనే కట్టి పూర్తి చేసింది అని నేను చివర్ల చెప్పిన. తాత మొఖం మారింది. "ముందుగాల కాళ్లు కోసుకపోయుంటయ్" అన్నడు. మా వాగు మీద కల్వర్టు గూడ రెండేండ్లకే గట్లనే పోయింది, దాని గురించి రాస్తే ఇంకో పోస్టయితది.

"మళ్ల కట్టినోళ్లు సెంట్రింగ్ కట్టెలతోని పెట్టిండ్రా ఇనుముతోనా, మీ బావను అడుగు" అంటే మెసేజ్ పెట్టిన, బ్లూ టిక్ పడ్డది, జవాబు లేదు. గంతల్నే ఇంట్లకెల్లి అవ్వ, "నా చెంబుకు గీ మట్టి ఎవడు పూసిండురా!"